హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకి ఎలా సిద్ధం కావాలి?

ముందు రెజ్యూమె సరిచేసుకోండి. ప్రశ్నలు చాలావరకు అందులోంచే పుడతాయి. మైత్రీవనం చుట్టుపక్కల ఒక కోర్సు పూర్తిచేసి, క్లాసులో పేరు విన్న ప్రతి టూల్‌నీ స్కిల్స్ కింద రాసేసేవాళ్లు ఎక్కువ. కాఫ్కా (ప్రోగ్రాముల మధ్య డేటాను చేరవేసే టూల్) అని రాస్తే, మీ ప్రాజెక్టులో అది ఎందుకు పెట్టారు, లేకపోతే ఏం ఆగిపోయేది అని అడుగుతారు. ఐదు నిమిషాలు మాట్లాడలేని పదమేదైనా కొట్టేయండి.

డబ్బు తీసుకుని మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీల జోలికి వెళ్లకండి. యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ ఖాతాలకు ఉండే నంబరు) తీసి పీఎఫ్ రికార్డు చూస్తే ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు చేశారో బయటపడుతుంది. చేరాక దొరికినా ఉద్యోగం పోతుంది.

ఇక కోడింగ్ రౌండ్. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మౌనం వల్లేనని నా అభిప్రాయం. ప్రశ్న వినగానే తల వంచుకుని టైపు చేయడం మొదలుపెడితే, మీ బుర్రలో ఏం నడుస్తోందో ఎదుటి మనిషికి ఎలా తెలుస్తుంది? ఒక సంఖ్యల జాబితా ఇచ్చి, కూడితే 50 వచ్చే జతను కనిపెట్టమన్నారనుకోండి. మొదట మీరే అడగండి: నెగటివ్ సంఖ్యలు ఉంటాయా? ఒకే సంఖ్యను రెండుసార్లు వాడొచ్చా? జత దొరక్కపోతే ఏం ఇవ్వాలి?

తర్వాత తేలిక పద్ధతి చెప్పండి: ప్రతి సంఖ్యనూ మిగతా వాటన్నిటితో కూడి చూడటం. దాంతో వచ్చే చిక్కూ మీ నోటితోనే రావాలి. లక్ష సంఖ్యలుంటే దాదాపు 500 కోట్ల జతలు చూడాల్సి రావచ్చు. అప్పుడు హ్యాష్ మ్యాప్ (వేసిన విలువ ఉందో లేదో వెంటనే చెప్పే పట్టిక లాంటిది) సంగతి ఎత్తండి. ఒక్కో సంఖ్యనూ చదువుతూ, 50లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది ఇంతకుముందే వచ్చిందా అని మ్యాప్‌లో చూడాలి; రాకపోతే ఈ సంఖ్యను అందులో వేసి ముందుకెళ్లాలి. జాబితాను ఒక్కసారి చదివితే సరిపోతుంది, కాకపోతే మెమరీ ఎక్కువ పడుతుంది. ఆ మాటా పైకే అనండి. రాయడం అయ్యాక రెండు 25లు ఉన్న జాబితాతో ఒకసారి, ఒకే ఒక్క 25 ఉన్న జాబితాతో ఇంకోసారి లైను లైనుగా నడిపి చూపించండి. తప్పులు చాలావరకు అక్కడే బయటపడతాయి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇంగ్లీషు టెన్షన్ సహజం. రూమ్మేట్‌ను కూర్చోబెట్టి, రోజుకొక ప్రాబ్లం చిన్న చిన్న వాక్యాల్లో వివరించండి. యాస గురించి బెంగ అక్కర్లేదు, ఎదుటివాళ్లదీ మన యాసే అయ్యుండొచ్చు!

ఆఫీసుకు రమ్మంటే ట్రాఫిక్‌ను నమ్ముకోకండి, వానాకాలంలో అసలే వద్దు. నాగోల్ వైపు నుంచి వచ్చే మెట్రోలో హైటెక్ సిటీ లేదా రాయదుర్గం దాకా వచ్చేయొచ్చు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అయితే రాయదుర్గంలో దిగి ఆటోనో క్యాబో పట్టుకోవాలి. గేటు దగ్గర చూపించడానికి ఐడీ కార్డు ఉంచుకోండి.

హెచ్‌ఆర్ ప్యాకేజీ చెప్పినప్పుడు దాన్ని 12తో భాగించి సంబరపడకండి. సీటీసీలో, అంటే మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో, కంపెనీ వేసే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి వచ్చే వేరియబుల్ పే కూడా కలిసి ఉంటాయి. మీ వాటా పీఎఫ్, ఇన్‌కం ట్యాక్స్, తెలంగాణలో నెల జీతం 20 వేలు దాటితే 200 రూపాయల ప్రొఫెషనల్ ట్యాక్స్ వేరే కోత. అందుకే నెలకు చేతికెంత వస్తుందో విడిగా రాసిమ్మని అడగండి. అలా అడగడంలో మొహమాటం దేనికి?

ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే, ఆఫర్ లెటర్ మెయిల్‌కి వచ్చేదాకా రాజీనామా చేయకండి. చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 60 లేదా 90 రోజులు ఉంటుంది. కొత్త కంపెనీవాళ్లు అన్ని రోజులు ఆగుతారో లేదో ముందే తేల్చుకుని, చేరే తేదీని లెటర్‌లోనే వేయించుకోండి. ట్రైనింగ్‌కనో, ల్యాప్‌టాప్‌కనో డిపాజిట్ కట్టమంటే మాత్రం ఫోన్ పెట్టేయండి.