రద్దీ వేళ కొరియన్ బార్బెక్యూ: గ్రిల్ వేగానికి తగ్గట్టు తినడం ఎలా

సియోల్‌లో పేరున్న, టేబుల్ మీదే మాంసం కాల్చుకుని తినే బార్బెక్యూ హోటల్‌కి సాయంత్రం ఆరున్నరకి వెళ్తే బయట చాలాసేపు నిలబడాల్సి వస్తుంది. ఐదింటికే వెళ్లండి. చాలా హోటళ్లు మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా ‘బ్రేక్ టైమ్’ అని మూసేస్తాయి. తలుపులు తెరవగానే వెళ్లిన వాళ్లకి మసి పట్టని గ్రిల్, తీరిక ఉన్న సిబ్బంది దొరుకుతారు.

ఆలస్యమైతే గుమ్మం దగ్గర ట్యాబ్లెట్ కనిపిస్తుంది. ఫోన్ నంబరు, ఎంతమందో నొక్కితే వరుస నంబరు వస్తుంది, మీ వంతు దగ్గర పడ్డాక ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. కొరియా నంబరు లేకపోతే చాలాచోట్ల అది పనిచెయ్యదు. అప్పుడు లోపలికెళ్లి సిబ్బందికి చెప్పి, ఎంతమందో వేళ్లతో చూపించి, కనుచూపు మేరలోనే ఉండండి. పిలిచినప్పుడు లేకపోతే వంతు పోతుంది. ఇద్దరు వచ్చి, మిగతా ఇద్దరు దారిలో ఉన్నారంటే టేబుల్ ఇవ్వని హోటళ్లూ ఉన్నాయి. ఒంటరిగా వెళ్లేవాళ్లు ముందే అడగాలి. మొదటి ఆర్డర్ కనీసం రెండు ‘ఇన్‌బున్’ ఉండాలన్న నియమం చాలాచోట్ల ఉంది.

ఇన్‌బున్ అంటే ఒకరికి సరిపడే వంతు. అది ఎన్ని గ్రాములో మెనూలో ధర పక్కనే రాసి ఉంటుంది, సాధారణంగా 150 నుంచి 200 గ్రాములు. ధర చూసే ముందు ఆ గ్రాములు చూడండి. ఒకచోట 150 గ్రాములు 15,000 వొన్ (కొరియా డబ్బు), ఇంకోచోట 180 గ్రాములు 17,000 వొన్ అనుకుందాం. చవగ్గా కనిపించే మొదటిదే నిజానికి ఖరీదు: 100 గ్రాములకి 10,000 పడుతుంది, రెండోచోట 9,500 కూడా పడదు. 2024లో సియోల్ హోటళ్లలో 200 గ్రాముల సమ్‌గ్యోప్‌సల్ (పంది పొట్ట మాంసం) సగటు ధర 20,000 వొన్ దాటింది కాబట్టి ఈ లెక్క చూసుకోవడం మంచిది. మాంసం తూకం పచ్చిగా ఉన్నప్పటిది. కాలాక బాగా తగ్గుతుంది.

సమ్‌గ్యోప్‌సల్ అంటే కొవ్వు, కండ పొరలుగా ఉండే పంది పొట్ట మాంసం. మోక్‌సల్ మెడ భాగం, కొవ్వు తక్కువ. త్వేజి గల్బి మసాలా పట్టించిన పోర్క్. చాదోల్‌బేగి కాగితంలా కోసిన బీఫ్. ‘త్వేజి’ అంటే పంది, ‘సో’ అంటే ఆవు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. బీఫ్ తినని వాళ్లు మాంసం దగ్గర జాగ్రత్తపడి చివర్లో పొరపడతారు. చల్లటి నూడుల్స్ నేంగ్‌మ్యోన్ రసం మామూలుగా బీఫ్‌తో కాచిందే. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే పులుసు త్వెన్‌జాంగ్ జిగేలోనూ చాదోల్‌బేగి ముక్కలు ఉండొచ్చు. పులియబెట్టిన క్యాబేజీ కిమ్చిలో చేప సాస్‌గానీ ఉప్పు రొయ్యగానీ పడుతుంది. ముందే అడగడం ఒక్కటే మార్గం.

ఇద్దరైతే రెండు ఇన్‌బున్‌లతో మొదలుపెట్టండి. ఒకే రకం తెప్పించుకోండి. రద్దీలో రెండు రకాలు కలిపి చెప్తే, ఒకటి ఇరవై సెకన్లలో, ఇంకోటి పది నిమిషాల్లో కాలుతూ గ్రిల్ మీద గందరగోళమవుతుంది. మసాలా లేనిది ముందు, మసాలాది తర్వాత. మసాలాలోని చక్కెర మాడి గ్రిల్‌కి అంటుకుంటే, తర్వాత వేసిన ప్రతి ముక్కకీ ఆ చేదు పడుతుంది. పళ్లెంలో మూడో వంతు పచ్చి మాంసం మిగిలి ఉండగానే తర్వాతి ఆర్డర్ చెప్పాలి. అంతా అయిపోయాక చెప్తే వచ్చేదాకా గ్రిల్ ఖాళీగా మాడుతుంది.

పిలవడానికి టేబుల్ అంచున గంట బటన్ ఉంటుంది. లేకపోతే గొంతెత్తి ‘యొగియో’ (ఇక్కడండీ) అనండి, అక్కడ అది మర్యాద తప్పినట్టు కాదు. చెయ్యి ఊపుతూ కూర్చుంటే ఎవరూ చూడరు. చెంచాలు, చాప్‌స్టిక్‌లు, రుమాలు కాగితాలు చాలాసార్లు టేబుల్ పక్కన ఉన్న సొరుగులో ఉంటాయి. స్టూల్ మూత ఎత్తితే లోపల ఖాళీ ఉంటుంది, కోటు, బ్యాగు అందులో పెట్టేయండి. పొగ వాసన పట్టదు, దారికీ అడ్డం రాదు. ఇది ముఖ్యం, ఎందుకంటే ఎర్రటి బొగ్గుల బకెట్ పట్టుకుని సిబ్బంది ఆ సందులోంచే వస్తారు. ‘చోషిమ్హాసెయో’ అని వినపడగానే మోచేతులు టేబుల్ మీంచి తీసి వెనక్కి జరగండి. అంటే జాగ్రత్త అని. పైనుంచి వేలాడే పొగ గొట్టాన్ని కూడా ఉత్త చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది.

ఇక గ్రిల్. రద్దీలో కూడా చాలాచోట్ల మొదటి విడత సిబ్బందే కాల్చి ఇస్తారు. వాళ్లు పట్టకారు పెట్టి వెళ్లినా, మళ్లీ వస్తారేమో చూడండి. మధ్యలో మీరు తిప్పితే వాళ్ల లెక్క తప్పుతుంది. ‘ఇజె తుసెయో’ అంటే ఇక తినండి అని.

మీరే కాల్చాల్సి వస్తే ముందు గ్రిల్ బాగా వేడెక్కనివ్వండి. చల్లటి గ్రిల్ మీద వేస్తే మాంసం నీళ్లు వదిలి, ఉడికినట్టు బూడిద రంగుకి వస్తుంది. ఆ తర్వాత ఎంత కాల్చినా రంగు సరిగ్గా రాదు. ముక్క వేయగానే ‘సుయ్’మని గట్టిగా శబ్దం రావాలి. సమ్‌గ్యోప్‌సల్ ముక్కలు ఒకదానికొకటి తగలకుండా మూడో నాలుగో వేయండి. ఆకలి మీద గ్రిల్ అంతా నింపేయడమే అందరూ చేసే తప్పు: వేడి పడిపోతుంది, బయటివి పచ్చిగా, మధ్యవి మాడి ఉంటాయి.

వేలంత మందం ముక్కైతే ఒకవైపు రెండు మూడు నిమిషాలు వదిలేయండి. పైభాగంలో చెమట పట్టినట్టు రసం బొట్లు తేలినప్పుడు తిప్పండి. రెండోవైపూ బంగారు రంగుకి వచ్చాకే కత్తెర. ముందే కోస్తే రసమంతా నిప్పుల్లోకి కారుతుంది. పట్టకారుతో ఒక కొస ఎత్తిపట్టి, అడ్డంగా ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల ముక్కలు కోయండి. కోసిన పక్కల్ని ఒక్కో నిమిషం నిలబెట్టి కాల్చి, అన్నిటికంటే లావు ముక్కని విరిచి చూడండి. లోపల ఎరుపు ఉంటే ఇంకా అవ్వలేదు. పచ్చి మాంసం తాకిన పట్టకారుతో కాలిన ముక్కలు తీయొద్దు, రెండోది అడగండి. మీ చాప్‌స్టిక్‌లతో పచ్చివి అసలే ముట్టుకోవద్దు. కాలినవాటిని అంచుకు జరిపితే మాడవు.

చాదోల్‌బేగికి ఇంత ఓపిక పనికిరాదు. ఒక్కొక్కటిగా పరిచి, రంగు మారగానే, ఇరవై ముప్పై సెకన్లలో తీసి తినేయాలి. ఎక్కువసేపు ఉంచితే తోలులా సాగుతుంది. మసాలా గల్బిని అర నిమిషానికోసారి తిప్పుతూనే ఉండండి. ఒక విడత అయ్యేసరికే గ్రిల్ నల్లబడుతుంది. ‘బుల్‌పన్ కరా జుసెయో’ అంటే గ్రిల్ మారుస్తారు, దానికి డబ్బు అడగరు. కొవ్వు కారి మంట లేస్తే మాంసాన్ని పక్కకి జరిపి కొద్దిసేపు ఆగండి. నీళ్లు పోస్తే వేడి నూనె చిందుతుంది, బూడిద లేచి ముక్కల మీద పడుతుంది.

గ్రిల్ ఏటవాలు ఇనప పెనమైతే, కొవ్వు కారే పల్లపు వైపు కిమ్చి పెట్టండి. కొవ్వులో వేగిన కిమ్చి పక్కన పచ్చి కిమ్చి తేలిపోతుంది. నువ్వుల నూనె గిన్నెలో వెల్లుల్లి ముక్కలేసి గ్రిల్ అంచున పెడితే మెత్తగా, తియ్యగా ఉడుకుతాయి.

‘స్సమ్’ అంటే ఆకులో చుట్టుకోవడం. అరచేతిలో లెట్యూస్, పైన పెరిల్లా ఆకు, ఒక మాంసం ముక్క, చిటికెడు స్సమ్‌జాంగ్ (కారం కలిపిన సోయా ముద్ద), ఒక వెల్లుల్లి పలుకు. కిళ్లీలా మడిచి ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. సగం కొరికితే మిగతా సగం ఒళ్లో పడుతుంది. ప్రతి ముక్కా ఇలా తినక్కర్లేదు. మొదటి ముక్క ఉప్పులో అద్దుకుని తింటేనే మాంసం రుచేమిటో తెలుస్తుంది.

చుట్టూ చిన్న గిన్నెల్లో పెట్టే పక్క వంటకాలు బన్‌చన్. మామూలుగా మళ్లీ అడిగితే ఉచితంగానే ఇస్తారు. ‘సెల్ఫ్ బార్’ ఉంటే మీరే వెళ్లి తెచ్చుకోవాలి. తినేంతే తెచ్చుకోండి. అపరిమిత భోజనం హోటళ్లలో సమయం పరిమితి, మిగిల్చితే జరిమానా గోడ మీద రాసి ఉంటాయి, కూర్చోగానే చూసుకోండి.

చివర్లో అన్నం వేయిద్దామనుకుంటే (బొక్కుమ్‌బాప్) నాలుగైదు మాంసం ముక్కలు, కాస్త కిమ్చి మిగల్చండి. ఇనప పెనం మీదే అది కుదురుతుంది, ఊచల గ్రిల్ మీద కుదరదు. కలిపిన అన్నాన్ని పల్చగా అదిమి రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగు కరకరలాడుతుంది. ఈ ఆర్డర్ ఆఖరి విడత మాంసం కాలుతుండగానే చెప్పాలి, ‘లాస్ట్ ఆర్డర్’ టైమ్ దాటితే వంటింట్లో తీసుకోరు.

బిల్లు టేబుల్ దగ్గర కాదు, గుమ్మం పక్క కౌంటర్‌లో కట్టాలి. టేబుల్ మీది చీటీ పట్టుకెళ్లండి. పన్ను ధరలోనే కలిసి ఉంటుంది, టిప్ ఇచ్చే అలవాటు లేదు. స్టూల్ లోపల పెట్టిన కోటు మర్చిపోకండి.