విల్హెల్మినాను చూడాలంటే ముందు పోట్స్‌డామ్ వెళ్లండి

18వ శతాబ్దపు ప్రష్యా రాకుమారి విల్హెల్మినా గుర్తులు చూడాలని అందరూ జర్మనీలోని బైరాయిట్ ఊళ్లో ఉన్న ఒపెరా హౌస్‌కే పరుగెడతారు. నా మాట విని పోట్స్‌డామ్‌లోని సాన్‌సూసీ పార్కుతో మొదలుపెట్టండి. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ చనిపోయిన ఈ అక్క కోసం కట్టించిన స్నేహ మందిరం అక్కడుంది. ఆమె విగ్రహాన్ని ఫోటో తీసుకుని వచ్చేయకండి. స్తంభాల మీది పతకాలు చూడండి, అన్నీ ప్రాచీన గాథల్లోని ప్రాణస్నేహితుల జంటలే. అక్కకు అంతకంటే ఏం కట్టాలి!

తర్వాత 1730 గురించి చదవండి. తమ్ముడు ఫ్రెడరిక్ తండ్రి దగ్గర్నుంచి పారిపోబోయి దొరికాడు, తండ్రి కోపం ఆమె మీదా పడింది. మరుసటి ఏడే బైరాయిట్ యువరాజుతో పెళ్లి. ఆమె రాసుకున్న జ్ఞాపకాల్లో అతిశయోక్తి ఎక్కువ, అన్నీ నమ్మేయొద్దు. 1740ల్లో అక్కాతమ్ముళ్ల మధ్య అలకలూ నడిచాయి.

ఇప్పుడు బైరాయిట్ రైలెక్కండి. 1748 నాటి ఒపెరా హాలు లోపలంతా చెక్కే. ఆమె పోయిన 1758 అక్టోబర్ 14నే ఫ్రెడరిక్ హోఖ్‌కిర్ఖ్ యుద్ధంలో ఓడిపోయాడు.