ద్రవ లోహంలో అలాయ్ తుప్పు: వేడి వాటా ఎంత, రేడియేషన్ వాటా ఎంత అని విడదీయడం ఎలా

కొన్ని అణు రియాక్టర్లలో చల్లబరచడానికి ద్రవ లోహంగా వాడే సీసం-బిస్మత్ మిశ్రమం 125 డిగ్రీలకే కరుగుతుంది, అందులో స్టీల్ ముంచితే పట్టేది మనకి తెలిసిన తుప్పు కాదు, నీళ్లలో ఉప్పు కరిగినట్టు స్టీల్‌లోని నికెల్ కరిగి బయటికి పోతుంది. 316ఎల్ లాంటి నికెల్ ఎక్కువున్న స్టీల్స్‌కి అందుకే దెబ్బ ఎక్కువ.

ముందు రేడియేషన్ జోలికి పోకండి, వేడి ఒక్కటే మార్చి చూడండి. 400, 450, 500, 550 డిగ్రీలు, ఒక్కోదానికి కనీసం వెయ్యి గంటలు. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఆక్సిజన్. బరువులో పది కోట్లలో ఒక వంతు దగ్గర ఆక్సిజన్ ఉంటే స్టీల్ మీద ఆక్సైడ్ పొర కట్టి కాపాడుతుంది, మరీ తగ్గితే పొర నిలవక లోహం కరగడం మొదలవుతుంది, మరీ పెరిగితే లెడ్ ఆక్సైడ్ ముద్ద కట్టి పైపులు మూసేస్తుంది. సెన్సార్ పెట్టి అన్ని టెస్టుల్లోనూ ఒకే స్థాయిలో ఉంచాల్సిందే, లేకపోతే మీరు చూసేది వేడి ప్రభావమో ఆక్సిజన్ ప్రభావమో చెప్పలేరు.

తర్వాత ప్రోటాన్ బీమ్, అంటే రేడియేషన్ కోసం శాంపిల్ మీదికి వదిలే ప్రోటాన్ కణాల ధార. అసలు చిక్కు ఇక్కడే, బీమ్ తగిలితే శాంపిల్ కూడా వేడెక్కుతుంది, ఆ పెరిగిన వేడి చేసిన పనిని రేడియేషన్ ఖాతాలో రాసేస్తాం. థర్మోకపుల్‌ని (వేడి కొలిచే సెన్సార్) శాంపిల్‌కి వీలైనంత దగ్గరగా పెట్టి, బీమ్ ఆన్ అవ్వగానే హీటర్ తగ్గించి టెంపరేచర్ కదలకుండా చూసుకోండి, అదే స్టీల్ ముక్కని అదే వేడిలో అదే టైమ్ బీమ్ లేకుండా కూడా ఉంచండి. ఈ జత ముక్క లేకుండా చేసిన టెస్ట్‌ని నేనైతే నమ్మను.

రేడియేషన్ తుప్పుని పెంచి తీరుతుందని ముందే అనుకోవద్దు. లోహంలో పరమాణువులు చెదిరి ఖాళీలు పెరిగితే డిఫ్యూజన్ (పరమాణువులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగడం) వేగం పెరుగుతుంది. దానివల్ల క్రోమియం త్వరగా చేరి పొర గట్టిపడొచ్చు, లేదా గ్రెయిన్ బౌండరీల్లో (లోహంలోని చిన్న స్ఫటికాల మధ్య సరిహద్దుల్లో) క్రోమియం తగ్గి అక్కడే తుప్పుకి దారి పడొచ్చు. కరిగిన ఫ్లోరైడ్ ఉప్పులో నికెల్-క్రోమియం అలాయ్ మీద 650 డిగ్రీల్లో ప్రోటాన్లు వేస్తే తుప్పు తగ్గిందని 2020లో తేలింది, అది ఉప్పు కాబట్టి ద్రవ లోహానికి నేరుగా అన్వయించలేం, కానీ కళ్లు తెరిపించే సంగతి.

ప్రోటాన్లకి బదులు న్యూట్రాన్లతో చేస్తే బిస్మత్ నుంచి పొలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం పుడుతుంది, చాలా ప్రమాదకరం, దానికి తగ్గ ఏర్పాట్లు లేకుండా మొదలుపెట్టొద్దు.

చివర్లో శాంపిల్‌ని కడిగేయకండి. అంటుకున్న సీసంతో సహా కోసి మైక్రోస్కోప్ కింద చూడండి, కడిగితే పొర కూడా ఊడి రావచ్చు.