కుట్టు మిషన్ కింద దారం ఉండ కడుతోందా? ముందు పైదారం చూడండి

అంచు ఊడిన ప్యాంటు, కుట్టు విడిపోయిన దిండు గలీబు, జేబు చిరిగిన సంచి ఒక మూల పోగుపడుతున్నాయంటే చాలా ఇళ్లలో కారణం ఒకటే: మిషన్ పాడైంది. దాని మీద ఒక గుడ్డ కప్పి, ఆ పైన ఇంకో నాలుగు వస్తువులు పెట్టేసి ఉంటారు. ఇల్లు సర్దే రోజు వచ్చేసరికి ఎవరికైనా ఇచ్చేద్దామనో, పాత ఇనుముకి వేసేద్దామనో అనుకుంటారు. అలా వదిలించుకోబోయిన మిషన్లు చాలానే నా చేతికి వచ్చాయి. వాటిలో నిజంగా పాడైనవి చాలా తక్కువ. ఎక్కువ మిషన్లకి కావలసింది ఒక కొత్త సూది, సరిగ్గా ఎక్కించిన దారం, పది నిమిషాల శుభ్రం.

దారం ఎక్కించడం, బాబిన్ చుట్టడం, సూది మార్చడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ఏ సమస్య వచ్చినా ముందు ఈ రెండు పనులు

ఒకటి, పైదారం మొత్తం తీసేసి మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి. "సరిగ్గానే ఉంది, చూశాను" అని అందరూ అంటారు. చూస్తే చాలదు. తీసి మళ్లీ ఎక్కించాలి. దారం ఒక కొక్కెంలోంచి జారిపోయినా, సూదితో పాటు పైకీ కిందకీ ఆడే లివర్ కన్నులోంచి తప్పుకున్నా పైకి చూడటానికి అంతా బాగానే కనిపిస్తుంది.

రెండు, సూది మార్చండి. సూది విరిగేదాకా వాడేవాళ్లే ఎక్కువ. ఎనిమిది గంటలు కుట్టాక సూది మార్చమని చెప్తారు. ఇంట్లో అప్పుడప్పుడూ కుట్టేవాళ్లు గంటలు లెక్క పెట్టుకోలేరు కాబట్టి, జీన్స్ లాంటి మందపు బట్ట కుట్టాక ఒకసారి సూదిని అనుమానించండి. పాత సూదిని బల్లపరుపు వైపు కిందకి వచ్చేలా అద్దం ముక్క మీద పెట్టి పక్క నుంచి చూడండి. సూదికీ అద్దానికీ మధ్య సందు మొన దాకా ఒకేలా ఉండాలి. మొన దగ్గర సందు తగ్గినా, పెరిగినా సూది వంగినట్టే. వేలికి తెలియనంత వంపు చాలు, కుట్టు చెడటానికి.

మిషన్ విప్పడం, స్క్రూలు తిప్పడం అనేది ఈ రెండూ చేశాకే.

లక్షణం: పైన కుట్టు చక్కగా ఉంది, బట్ట తిప్పితే కింద ఉచ్చులు, చిక్కులు

నాకు అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎదురైన సమస్య ఇది. నా మూడు సాయంత్రాలు తినేసింది కూడా ఇదే.

చిక్కు కింద కనిపిస్తుంది కాబట్టి అందరి చెయ్యీ బాబిన్ మీదకే పోతుంది. బాబిన్ తీస్తారు, మళ్లీ చుడతారు, బాబిన్ కూర్చునే కేసు మీదున్న చిన్న స్క్రూ బిగిస్తారు. తప్పు అక్కడ ఉండదు. కింద చిక్కు పడితే చూడాల్సింది పైదారాన్ని. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలా అవస్థ తప్పుతుంది.

ఎందుకో చెప్తాను. చేతి సూదికి కన్ను వెనక ఉంటుంది, మిషన్ సూదికి మొన దగ్గర ఉంటుంది. 1846లో ఎలియాస్ హోవ్ అమెరికాలో పేటెంట్ తీసుకున్న మిషన్‌లోనూ సూది ఇలాంటిదే. అది పైదారాన్ని బట్ట అవతలికి తీసుకెళ్తుంది, అక్కడ రెండో దారం దాని ఉచ్చులోంచి దాటుతుంది. ఇప్పటి ఇంటి మిషన్‌లో షటిల్ కొక్కెం ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. అలా తిప్పడానికి కిందకి చాలా దారం దిగాలి. తిరగడం అయిపోయాక పైనున్న లివర్ లేచి, ఆ మిగులు దారాన్ని మళ్లీ పైకి లాగేసుకుంటుంది. అప్పుడే రెండు దారాల మెలిక బట్ట మందం మధ్యలో కూర్చుంటుంది.

పైదారాన్ని పట్టి ఉంచేవి రెండు గుండ్రటి లోహపు బిళ్లలు. టెన్షన్ డయల్ తిప్పితే స్ప్రింగు ఈ బిళ్లల్నే దగ్గరికి నొక్కుతుంది. దారం ఆ బిళ్లల మధ్య ఇరుక్కుని లేకపోతే, లివర్ లేచినప్పుడు కిందున్న మిగులుని లాగే బదులు రీలు నుంచి కొత్త దారాన్ని లాక్కుంటుంది. సులువుగా వచ్చేది అదే కదా. కింద మిగులు కిందే ఉండిపోతుంది. కుట్టు కుట్టుకీ ఇంత చొప్పున పోగై, చివరికి ఉండ కట్టి మిషన్ ఆగిపోతుంది.

దారం బిళ్లల మధ్యకి వెళ్లకపోవడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఫుట్ (సూది దగ్గర బట్టని నొక్కి పట్టేది) దించి దారం ఎక్కించడం. ఫుట్ లేపితే బిళ్లలు విడతాయి, దించితే దగ్గరవుతాయి. దించి ఉన్నప్పుడు ఎక్కించిన దారం బిళ్లల లోపలికి దిగదు, అంచు మీదే నిలిచిపోతుంది. మీరు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఎక్కించానని నమ్ముతారు. బిళ్లలు ప్లాస్టిక్ కవరు లోపల దాగి ఉండే మిషన్లలో ఇది కంటికి కనిపించదు కూడా. కాబట్టి ఫుట్ లేపి ఎక్కించండి. ఎక్కించేటప్పుడు రీలు వైపు దారాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దారాన్ని గట్టిగా కిందకి లాగుతూ బిళ్లల్లోకి దింపండి.

పరీక్ష ఇలా. సూదిలోకి ఎక్కించక ముందే, లివర్ దాటిన దారాన్ని పట్టుకుని లాగండి. ఫుట్ పైకి ఉంటే దారం హాయిగా జారాలి. ఇప్పుడు ఫుట్ దించి లాగండి, ఎవరో అటువైపు పట్టుకున్నట్టు గట్టిగా ఉండాలి. రెండుసార్లూ ఒకేలా జారిందంటే దారం బిళ్లల మధ్యలో లేదు. మిగతావన్నీ పక్కన పెట్టి దీన్నే చూడండి.

రెండో కారణం నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. ఫుట్ లేపే ఎక్కించాను. కొత్త సూది పెట్టాను. అయినా కింద ఉచ్చులే. డయల్ 4 మీద ఉండేది, 6కి తిప్పాను, 9కి తిప్పాను, తేడా లేదు. ఇక బాబిన్ కేసు స్క్రూ తిప్పడం మొదలుపెట్టాను. అక్కడే పెద్ద తప్పు చేశాను. అప్పటిదాకా ఉన్నది ఒక లోపం, ఇప్పుడు రెండయ్యాయి. మూడో రోజు సాయంత్రం సూది కిందుండే ప్లేటు కూడా విప్పి షటిల్ చూశాను, అక్కడా ఏమీ లేదు. నాలుగో రోజు డయల్‌ని సున్నాకి తిప్పి, ఫుట్ లేపి, మందపాటి నూలు దారాన్ని రెండు పేటలు చేసి బిళ్లల మధ్య ముందుకీ వెనక్కీ లాగాను. రెండో లాగుడుకి నీలం రంగు పీచు ఒకటి బయటికొచ్చింది. గోటి కొసంత ఉంటుంది, నలిగి బిళ్లలా గట్టిపడింది. అంతకుముందు ఒక జీన్స్ అంచు నీలం దారంతో కుట్టాను. ఆ దారం ముక్కే అది. రెండు బిళ్లల మధ్య ఆ పీచు ఉన్నంతసేపూ అవి పూర్తిగా మూసుకోవు, డయల్ ఎంత తిప్పినా పక్కనున్న దారానికి పట్టు దొరకదు.

పీచు తీసి డయల్ మళ్లీ 4కి పెడితే కుట్టు సరిపోయింది. బాబిన్ స్క్రూని తిరిగి పాత చోటికి తేవడానికి మాత్రం ఇంకో పూట పట్టింది.

అందుకే చెప్తున్నాను, పరీక్షలో దారం జారిపోతుంటే, ఫుట్ లేపి ఎక్కించినా జారిపోతుంటే, బిళ్లలు శుభ్రం చేయండి. పీచు రాలని పలుచటి నూలు గుడ్డ అంచు గానీ, రెండు పేటల నూలు దారం గానీ వాడండి. సూదితో, పిన్నుతో గీకొద్దు, బిళ్ల మీద గీత పడితే దారం అక్కడే తెగుతుంది. నోటితో ఊదొద్దు, తడి చేరుతుంది, పీచు ఇంకా లోపలికి పోతుంది.

ఆ ముక్కలు లోపలికి ఎలా వెళ్తాయంటే, దారం మార్చేటప్పుడు మనం రీలు పట్టుకుని వెనక్కి లాగేస్తాం. సూది దగ్గర నలిగి పీచు లేచిన కొస బిళ్లల మధ్యలోంచి వెనక్కి వస్తూ అక్కడ కొంత వదిలేస్తుంది. ఇకపై రీలు దగ్గర దారం కత్తిరించి, మిగిలినదాన్ని సూది వైపు నుంచి ముందుకు లాగేయండి. ఒక మూర దారం పోతుంది, పోనివ్వండి.

ఉచ్చులు కుట్టు మొదట్లో మాత్రమే పడి తర్వాత సర్దుకుంటుంటే విషయం వేరు. లివర్ పైకొచ్చేదాకా చక్రం మీ వైపు తిప్పి, రెండు దారాల కొసల్నీ ఫుట్ వెనక్కి తీసి పట్టుకుని మొదటి రెండు మూడు కుట్లు వేయండి. అంతే.

లక్షణం: కిందదారం పైకి చుక్కల్లా కనిపిస్తోంది

ఏ దారం తప్పు చేస్తోందో తేల్చుకోవడానికి పైన ఎర్రది, కింద తెల్లది పెట్టి ఒక పాత గుడ్డ మీద జానెడు కుట్టండి. పైన తెల్ల చుక్కలు కనిపిస్తే పైదారం మరీ బిగువుగా ఉంది, లేదా కిందదారం వదులుగా ఉంది. డయల్ కొంచెం తగ్గించి చూడండి. మారకపోతే బాబిన్ కేసు తీసి, దాని మీదున్న పలుచటి రేకు స్ప్రింగు కింద పీచు ఉందేమో చూడండి. విజిటింగ్ కార్డు మూల పోనిచ్చి తీసేయొచ్చు.

కేసు బయటికి తీయగలిగే రకమైతే, దారం కొస పట్టుకుని వేలాడదీయండి. తనంతట తాను జారిపోకూడదు. చెయ్యి చిన్నగా ఊపితే రెండు మూడు అంగుళాలు దిగి ఆగాలి. ఇక్కడ కూడా స్క్రూని ముట్టుకోవడం ఆఖరి పని. ముట్టుకునే ముందు దాని గాడి ఏ వైపు చూస్తోందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కాల్ చుట్టుకన్నా ఎక్కువ తిప్పొద్దు. అది చాలా చిన్న స్క్రూ, ఊడి కింద పడితే మళ్లీ దొరకదు.

లక్షణం: కుట్లు దాటేస్తోంది

సూది. మళ్లీ సూదే. పైదాకా ఎక్కకుండా మధ్యలోనే బిగించేసి ఉంటారు, లేదా తిప్పి పెట్టి ఉంటారు. సూదికి ఒకవైపు పొడుగు గాడి ఉంటుంది, దారం ఆ వైపు నుంచే కన్నులోకి వెళ్లాలి. టీషర్టు లాంటి సాగే బట్ట మీద మాత్రమే దాటేస్తుంటే మిషన్‌ది తప్పు కాదు. మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది వేయండి. బట్టకి తగిన నంబరు కూడా ముఖ్యం: పలుచటి వాటికి 70/10, మామూలు నూలుకి 80/12 లేదా 90/14, జీన్స్‌కి 100/16. మొదటి అంకె సూది లావు, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. అంటే 90 నంబరు సూది 0.9 మిల్లీమీటర్లు.

లక్షణం: పైదారం మాటిమాటికీ తెగుతోంది

ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న దారం అయితే రెండు చేతుల్తో లాగి చూడండి. పుటుక్కున తెగితే పారేయండి. దాన్ని దాచుకోవడం పొదుపు కాదు. దానితో కుట్టింది మళ్లీ విడిపోతుంది, మళ్లీ కుట్టాలి. రీలు అంచున దారం కొస దోపుకునే చిన్న గాటు ఉంటుంది, తిరిగేటప్పుడు దారం దానికి తగులుతుందేమో కూడా చూడండి. అదే అయితే రీలు తిప్పి పెట్టండి. ప్లేటు రంధ్రం అంచుకి సూది తగిలి గరుకు దేరి ఉంటే సన్న ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దండి.

లక్షణం: బట్ట కదలడం లేదు, ఒకేచోట కుడుతోంది

కుట్టు పొడవు సున్నా మీద ఉందేమో, బట్టని జరిపే కింది పళ్లు దించి ఉన్నాయేమో ముందు చూడండి. లేకపోతే ప్లేటు విప్పండి. పళ్ల వరసల మధ్య పీచు ఒత్తుకుపోయి దుప్పటి ముక్కలా దళసరిగా తయారై ఉంటుంది. ఒక్కో మిషన్‌లో చిటికెల కొద్దీ తీశాను. కరెంటు మిషన్ అయితే ప్లగ్ తీసి మరీ చేయండి.

లక్షణం: చక్రం బరువుగా తిరుగుతోంది

ఎప్పుడో వేసిన వంటనూనె జిగురుగా మారి ఉంటుంది. మిషన్ ఆయిల్ చుక్క చుక్క వేసి, చక్రం తిప్పుతూ ఒక రాత్రి వదిలేయండి, మర్నాడు మళ్లీ వేయండి. కుట్టే ముందు పాత గుడ్డ మీద నాలుగు వరసలు పోనివ్వండి, నూనె మరకలు దానికే అంటుకుంటాయి. అకస్మాత్తుగా బిగుసుకుపోతే మాత్రం నూనె కాదు, షటిల్‌లో దారం ముక్క ఇరుక్కుంది. బలంగా తిప్పకుండా చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఆడిస్తూ చిమటాతో లాగండి.

మిగతావి

చక్రం తిరుగుతున్నా సూది కదలకపోతే, బాబిన్ చుట్టడానికి వదులు చేసిన మధ్య బిరడా మళ్లీ బిగించలేదు. పెడల్ తొక్కితే జారుతుంటే బెల్టు సాగింది. టైమింగ్ తప్పడం, అంటే సూదీ షటిల్ కొక్కెమూ సరైన క్షణంలో కలవకపోవడం, చాలా అరుదు. మందపు మడత మీద సూది గట్టిగా గుద్దుకుని విరిగిన తర్వాత, కొత్త సూది పెట్టినా కుట్టు అసలు పడకపోతేనే దాన్ని అనుమానించాలి. అది మెకానిక్ పని. వెళ్లేటప్పుడు మీ దారం, మీ బాబిన్, ఎరుపు తెలుపు దారాలతో కుట్టిన ఆ గుడ్డ ముక్క వెంట తీసుకెళ్లండి. "కుట్టు సరిగ్గా రావడం లేదండీ" అనే మాటకన్నా ఆ ముక్క చూస్తే ఆయనకి తొందరగా అర్థమవుతుంది.