వానలు మొదలయ్యేలోగా భార్యకు స్కూటరు కొనేవారికి జాగ్రత్తలు

జూన్ రెండో వారంలో బడులు తెరుచుకుంటాయి, దాదాపు అదే సమయానికి మృగశిర కార్తె వానలూ మొదలవుతాయి. ఉద్యోగానికి వెళ్లే భార్యకు ఒక బండి కొనివ్వాలన్న ఆలోచన చాలా ఇళ్లలో మే నెలలోనే గట్టిపడేది ఇందుకే. యాభై అరవై వేలకు మించి పెట్టలేని పరిస్థితిలో ఎక్కువమంది సెకండ్ హ్యాండ్ స్కూటరు వైపే చూస్తారు. ఆ నిర్ణయం తప్పు కాదు. అయితే బండిని చూసేది, బేరం చేసేది, తన పేరున రిజిస్టరు చేయించుకునేది భర్త, వానలో ఆ బండి మీద వెళ్లేది మాత్రం భార్య కావడం వల్ల కొన్ని ప్రమాదాలు కొనుగోలు నాడే మొదలవుతున్నాయి.

బండి కంటే ముందు చూసుకోవలసినది లైసెన్సు. లెర్నర్ లైసెన్సు తీసుకున్న తరువాత ముప్ఫై రోజులు గడిస్తేనే అసలు లైసెన్సుకు పరీక్ష పెడతారు కాబట్టి, జూన్ మధ్యలో బండి నడపాలనుకునేవారు మే మొదట్లోనే దరఖాస్తు చేసుకోవాలి. కారు లైసెన్సు ఉన్నంత మాత్రాన ద్విచక్ర వాహనం నడపడానికి వీల్లేదు. గేర్లు లేని బండికి మాత్రమే తీసుకున్న లైసెన్సుతో గేర్ల బండి నడపకూడదు. ఇంట్లో ఉన్న పాత మోటారుసైకిలే ఆమెకు ఇచ్చేద్దామనుకునేవారు ఈ సంగతి ముందుగా గమనించాలి.

బండి ఎంపిక ఆమె కాళ్ల కొలతతో మొదలు కావాలి. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ, కనీసం మునివేళ్లూ ముందు పాదమూ గట్టిగా నేలకు ఆనాలి. కంపెనీలు ఇచ్చే సీటు ఎత్తు అంకెను మాత్రమే నమ్ముకోవడం మంచిది కాదు. టీవీఎస్ జెస్ట్ స్కూటరు సీటు ఎత్తు 760 మి.మీ., హీరో స్ప్లెండర్ ప్లస్ మోటారుసైకిలు సీటు ఎత్తు 785 మి.మీ. అని కాగితం మీద కనిపించినా, స్కూటరు సీటు వెడల్పుగా ఉండి తొడలను పక్కకు నెడుతుంది కాబట్టి కాలికి అందే తీరు అంకెలు చెప్పినంత సూటిగా ఉండదు. బరువు సంగతీ అంతే. జెస్ట్ 103 కిలోలు, యమహా ఫాసినో 125 హైబ్రిడ్ 99 కిలోలు, స్ప్లెండర్ 112 కిలోలు ఉంటాయి. నడుస్తున్నప్పుడు ఈ తేడా తెలియదు. అపార్ట్‌మెంట్ సెల్లారు వాలులో బండిని వెనక్కి లాగేటప్పుడు, తడి నేల మీద సెంటర్ స్టాండు వేసేటప్పుడు తెలుస్తుంది. అందువల్ల కొనే ముందు ఆమె స్వయంగా, ఎవరి సాయమూ లేకుండా, స్టాండు వేసి తీసి చూడాలి. ఉద్యోగానికి చీరతో వెళ్లే అలవాటుంటే ఆ చీరతోనే చూడాలి. అమ్మేవారు సాధారణంగా భర్తతోనే మాట్లాడతారు. ఆ మర్యాదను పక్కన పెట్టి, ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి.

తరువాత చూడవలసినది ఆమె రోజూ వెళ్లే దారి. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో వాన పడితే గుంత ఎక్కడుందో, మ్యాన్‌హోల్ ఎక్కడుందో నీటి కింద కనబడదు, అక్కడ చక్రం పరిమాణం చాలా తేడా చేస్తుంది. 2020 జనవరిలో వచ్చిన హోండా యాక్టివా 6జీకి ముందు చక్రం 12 అంగుళాలు, అంతకు ముందు వచ్చిన 5జీకి రెండు చక్రాలూ 10 అంగుళాలే. టీవీఎస్ జూపిటర్‌కు మొదటినుంచీ రెండూ 12 అంగుళాలు. చిన్న చక్రం గుంతలో లోతుగా దిగి బండిని కుదిపేస్తుంది కాబట్టి, ధరలో అయిదారు వేల తేడా ఉన్నా ముందు చక్రం పెద్దదిగా ఉన్న బండినే ఎంచుకోవడం వానాకాలానికి మేలు. పట్టణంలో ఉంటూ దూరపు పల్లె బడికి రోజూ వెళ్లివచ్చే ఉపాధ్యాయురాలికి, ఆమెకు గేర్లు అలవాటై ఎత్తు కూడా సరిపోతే, 18 అంగుళాల చక్రాలున్న 100 సీసీ మోటారుసైకిల్ స్కూటరు కంటే నిలకడగా ఉంటుంది. ఆడవారికి స్కూటరే అన్న అభిప్రాయం అమ్మకందారుల సౌకర్యం కోసం పుట్టినదే తప్ప రోడ్డుకు సంబంధించినది కాదు.

బ్రేకుల విషయంలో ఒక తేదీ గుర్తుంచుకుంటే చాలు. 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే 125 సీసీ వరకు ఉన్న బండ్లన్నిటికీ రెండు చక్రాల బ్రేకులూ కలిసి పట్టే కాంబీ బ్రేకు గానీ, గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోనివ్వని ఏబీఎస్ గానీ తప్పనిసరి అయింది. కొత్తగా నడిపేవారు భయపడినప్పుడు ఒకే బ్రేకు గట్టిగా నొక్కుతారు, తడి రోడ్డు మీద ఆ ఒక్క చక్రం బిగుసుకుపోయి బండి జారిపోతుంది. కాబట్టి ఆ తేదీ తరువాతి బండినే వెతకడం మంచిది. టైర్ల మీద అరుగుదలతో పాటు వయసు కూడా చూడాలి. పక్క భాగంలో 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పైన గాళ్లు కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడి సన్నని పగుళ్లు వచ్చిన టైరు తడి నేలను పట్టుకోదు. కొత్త టైర్ల ఖర్చును బేరంలోనే తగ్గించమని అడగాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనది నీటిలో మునిగిన బండ్ల విషయంలో. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్ నగర్ ప్రాంతంలోనూ మునిగిన వాహనాలు ఎన్నో. వాటిలో బాగుచేసి, కడిగి, పాలిష్ పట్టి అమ్మకానికి పెట్టినవీ ఉంటాయి. మునిగిన బండి మొదటి నెలల్లో బాగానే నడవవచ్చు. వైరింగు కనెక్టర్లలో చేరిన తేమ లోహాన్ని మెల్లగా తినేస్తుంది కాబట్టి, ఆరు నెలలకో ఏడాదికో, ఎక్కువగా మళ్లీ వానలు పడుతున్నప్పుడే, బండి దారిలో ఆగిపోతుంది. సీటు కింది పెట్టెను తీయించి దాని అడుగున, ఫుట్‌బోర్డు మ్యాటు కింద, హెడ్‌లైటు లోపలి అంచులలో ఎండిన బురద పొడి ఉందేమో చూడాలి. ఆ చోట్లు కడగడానికి అమ్మేవారికి సాధారణంగా ఓపిక ఉండదు. స్పీడు మీటరు అద్దం లోపల చెమ్మ మరకలు, వైరు కొనల వద్ద పచ్చని తుప్పు, చక్రం తిప్పితే బేరింగు గరగరలాడటం కూడా అవే సూచనలు. ఇంజన్ ఆయిలు పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే ఆ బండిని అక్కడే వదిలి రావచ్చు. పాత బీమా కాగితమూ కొంత చెబుతుంది. సొంత నష్టానికి కూడా వర్తించే పాలసీని ఏటా క్రమం తప్పకుండా కట్టినా అందులో నో క్లెయిమ్ బోనస్ (పరిహారం అడగనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా ఉందంటే, కిందటి ఏడాది ఏదో క్లెయిము జరిగి ఉండాలి. అదేమిటో అడగాలి. ఇవన్నీ చూడటానికి మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లి, అతని సమయానికి డబ్బు ఇవ్వండి. అమ్మేవారు సూచించిన మెకానిక్ మాట సరిపోదు.

ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) మీద ఉన్న ఇంజన్, చాసిస్ నంబర్లను బండి మీది నంబర్లతో పోల్చి చూసుకోవాలి. పోలీసుల ఈ-చలానా వెబ్‌సైటులో నంబరు కొట్టి బకాయిలు చూసుకోవాలి. అప్పు మీద కొన్న బండి అయితే ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన నో అబ్జెక్షన్ పత్రం, ఆర్సీలోంచి అప్పు నమోదును తీయించడానికి వాడే ఫారం 35 తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ బండిని తెలంగాణలో నడపడానికి కొంటే ఫారం 28 నిరభ్యంతర పత్రమూ, ఇక్కడ మళ్లీ కట్టవలసిన పన్నూ బడ్జెట్‌లో కలుపుకోవాలి. యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తాం, బదిలీ మీ వీలునుబట్టి చేసుకోండి అనేవారి మాటకు ఒప్పుకోకూడదు. కొన్నవారు ముప్ఫై రోజుల లోపల బదిలీకి దరఖాస్తు చేయాలన్నది చట్టం.

ఆ బదిలీ ఎవరి పేరున జరగాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. ద్విచక్ర వాహన బీమాతో వచ్చే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా, ఆర్సీలో యజమానిగా ఉన్న వ్యక్తి, చెల్లుబాటయ్యే లైసెన్సుతో, తానే నడుపుతున్నప్పుడు వర్తిస్తుంది. ఆర్సీ భర్త పేరున ఉండి భార్య నడుపుతున్నప్పుడు ప్రమాదం జరిగితే, ఆమెకు ఆ మొత్తం రాదు. థర్డ్ పార్టీ బీమా ఎదుటివారి నష్టానికి ఉద్దేశించినది, నడిపేవారి గాయాలకు అది అక్కరకు రాదు. కాబట్టి బండి ఆమె పేరునే ఉండాలి. ఆర్సీతో పాటు పాలసీని కూడా పద్నాలుగు రోజుల లోపల ఆమె పేరుకు మార్పించడానికి దరఖాస్తు చేసుకోవాలి. 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్ పార్టీ బీమా 2022 నాటి రేటు ప్రకారం ఏడాదికి 714 రూపాయలే అయినా, వరదలో నష్టం వస్తే సొంత నష్టం పాలసీ ఉంటేనే పరిహారం దొరుకుతుంది. నీటిలో ఆగిపోయిన బండిని అక్కడికక్కడే పదేపదే స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పాడైతే, ఇంజన్ రక్షణ అనే అదనపు కవరు లేనప్పుడు, ఆ నష్టాన్ని కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. నీరు సైలెన్సరు ఎత్తుకు వస్తే ఆపి, తోసుకుంటూ బయటకు తెచ్చి, మెకానిక్ వచ్చేదాకా సెల్ఫ్ నొక్కకూడదని ఆమెకు ముందే చెప్పి ఉంచండి.

పాత ఎలక్ట్రిక్ స్కూటరు తక్కువకు వస్తున్నదని తీసుకునేవారు బ్యాటరీ వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. సెల్లారులో నీరు నిలిచే అపార్ట్‌మెంటులో ఉంటే చార్జింగు ఎక్కడ పెడతారో ముందు ఆలోచించాలి. గంటకు 25 కిలోమీటర్లకు మించని, లైసెన్సు అక్కరలేని రకం బండ్లు కాలనీ లోపలికి సరిపోతాయి, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనుండే సర్వీసు రోడ్డుకు కాదు.

హెల్మెట్‌ను బండి ఖర్చులోనే కలిపి లెక్కించండి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర హెల్మెట్లు అమ్మడం నిషిద్ధం, అయినా రోడ్డు పక్కన అవి దొరుకుతూనే ఉన్నాయి. జడ వేసుకుని, తాను రోజూ పెట్టుకునే పద్ధతిలోనే పెట్టుకుని కొలత చూసుకోవాలి. హెల్మెట్ అద్దం నలుపుది కాక రంగు లేనిదై ఉండాలి, వాన సాయంత్రం నల్లటి అద్దంలోంచి ఏమీ కనబడదు. నాలుగేళ్ల లోపు పిల్లవాణ్ణి బడిలో దింపేటట్లయితే పిల్లవాడికి హెల్మెట్టూ, వాణ్ణి నడిపేవారికి కట్టి ఉంచే భద్రతా పట్టీ కూడా 2023 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. రెయిన్‌కోటు ప్యాంటూ చొక్కాగా విడిగా ఉన్నది తీసుకోవాలి. గాలికి ఎగిరే పొడుగాటి కోటు, చున్నీ, కొంగు వెనుక చక్రంలో చుట్టుకుపోయే ప్రమాదం ఉంటుంది.

బండి ఇంటికి వచ్చాక, వానలు రాకముందే, ఆఫీసు వేళకే ఆ దారిలో ఒకటి రెండుసార్లు ఆమెను నడపనిచ్చి మీరు వెనుక కూర్చోండి. ఎక్కడ నీరు నిలుస్తుందో ఆ దారిలోని ఆటోవాళ్లను అడిగితే చెబుతారు. వాటిని తప్పించుకునే మరో దారి కూడా ఒకసారి నడిపి చూసుకుని ఉంచుకోవాలి.