లావు పుస్తకం, రద్దీ మెట్రో

మియాపూర్–ఎల్బీనగర్ మెట్రోలో నిలబడి, ఒంటిచేత్తో ఆరొందల పేజీల చరిత్ర పుస్తకం చదవడం అయ్యే పని కాదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కాపీ కొనండి. అధ్యాయం ముగిసిన చోట బాగా విప్పి, వీపు (పేజీలన్నీ అతికి ఉండే అంచు) దాకా కట్టర్‌తో కోసి, 60-80 పేజీల ముక్కలు చేయండి. కోసిన వీపు అంచుకు ఫెవికాల్ పల్చగా రాసి, పాత క్యాలెండర్ కాగితం అట్టగా అంటించి, రాత్రంతా బరువు కింద పెట్టండి. పొద్దున ఒక ముక్క బ్యాగులో పడేసుకుంటే చాలు. సిలబస్ లేదు, పరీక్ష టెన్షన్ లేదు. బోరు కొడితే మూడో ముక్క వదిలేసి ఐదోది పట్టుకెళ్లొచ్చు, అడిగేవాళ్లెవరు? దారంతో కుట్టిన బైండింగ్ అయితే మాత్రం కుట్టు మధ్యలో కోయకండి, పేజీలు ఊడొస్తాయి. లైబ్రరీ పుస్తకాల జోలికి అసలే పోవద్దు.