తుఫానుల కాలంలో క్రూజ్ బుక్ చేస్తున్నారా? ముందు ఓడను చూడండి

అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబర్ 30 దాకా ఉంటుంది. ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు ఉధృతి ఎక్కువ. సెప్టెంబర్ 10 అటూ ఇటూ మరీ ఎక్కువ. కరీబియన్ క్రూజ్ టికెట్లు చవగ్గా దొరికేది కూడా ఆ రోజుల్లోనే. బడులు తెరిచాక పిల్లలున్న కుటుంబాలు రావు, తుఫాను భయంతో ఇంకొందరు ఆగిపోతారు, దాంతో ధర దిగుతుంది. ఆ ధర చూసి బుక్ చేసుకోవడంలో తప్పేమీ లేదు. నేనూ అలాగే వెళ్లాను, మళ్లీ వెళ్తాను కూడా. కానీ మొదటిసారి ఓడ గురించి ఏమీ ఆలోచించకుండా వెళ్లి, అమ్మను రెండు రాత్రులు ఇబ్బంది పెట్టాను. ఆ పొరపాటు ఇంకొకరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

మామూలు రోజుల్లో ఏయే ఊళ్లు చూపిస్తారో చూసి క్రూజ్ ఎంచుకుంటాం. తుఫానుల కాలంలో ఆ ఊళ్ల జాబితాను నమ్ముకోకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు 20 నాట్లకు (గంటకు సుమారు 37 కిలోమీటర్లకు) పైగా వేగంతో పోగలవు. హరికేన్ సాధారణంగా అంతకంటే నెమ్మదిగా కదులుతుంది. అందుకే కెప్టెన్ తుఫానుకు ఎదురు వెళ్లడు, తప్పుకుని ఇంకో దారి పడతాడు. ప్రాణభయం అక్కడితో పోతుంది గానీ, మీరు చూడాలనుకున్న దీవి కూడా దారిలోంచి పోతుంది. తూర్పు కరీబియన్ అని ఎక్కినవాళ్లు పడమటి కరీబియన్ చూసి రావడం ఈ కాలంలో వింతేమీ కాదు. టికెట్ షరతుల్లోనే దారి మార్చే హక్కు కంపెనీకి ఉంటుంది. వదిలేసిన పోర్టు తాలూకు రుసుములు మాత్రం మామూలుగా వెనక్కి ఇస్తారు. అంటే డబ్బు కట్టినందుకు మీకు గ్యారంటీగా దక్కేది ఓడ ఒక్కటే. పోర్టులు రెండు పోయినా ఆ ఓడలో వారం రోజులు హాయిగా గడుస్తుందా? బుక్ చేసే ముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇది.

ఒకే కంపెనీ అయినా ఒకే ఓడ కాదు

ఉదాహరణకు రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ ఓడలను చూడండి. పేరు చివర అన్నిటికీ 'ఆఫ్ ది సీస్' అనే ఉంటుంది. కానీ 1996లో వచ్చిన గ్రాండియర్‌కీ, 2024 జనవరిలో తొలి యాత్ర చేసిన ఐకాన్‌కీ పోలికే లేదు. గ్రాండియర్ సుమారు 74 వేల గ్రాస్ టన్నులు, ఐకాన్ దాదాపు 2 లక్షల 49 వేలు. గ్రాస్ టన్ను అంటే బరువు అనుకుంటారు చాలామంది. కాదు, ఓడ లోపలి మొత్తం చోటును కొలిచే లెక్క అది.

ఈ ఓడలను తరగతులుగా విడగొట్టి చూస్తే సులువుగా అర్థమవుతుంది. గ్రాండియర్, రాప్సొడీ, ఎన్‌చాంట్‌మెంట్, విజన్ అనేవి 1996-98 మధ్య వచ్చిన చిన్న ఓడలు, తలా రెండు వేల మంది ప్రయాణికులకు సరిపోతాయి. 2001-04 మధ్య వచ్చిన రేడియన్స్ తరగతి 90 వేల టన్నులు. గోడలకు అద్దాలు ఎక్కువ, ఎక్కడ కూర్చున్నా సముద్రం కనిపిస్తుంది. 1999 నుంచి వచ్చిన వాయేజర్ తరగతి, 2006-08 నాటి ఫ్రీడమ్ తరగతి మధ్యరకం. ఓడ మధ్యలో దుకాణాల వీధి, మంచు స్కేటింగ్ రింక్ వీటితోనే మొదలయ్యాయి. 2014లో క్వాంటమ్ తరగతి వచ్చింది. చల్లటి సముద్రాలను కూడా దృష్టిలో పెట్టుకుని కట్టినవి కాబట్టి పైకప్పు కింద ఆడుకునే చోటు బాగా ఉంటుంది. 2009లో మొదలైన ఓయాసిస్ తరగతిలో ఓడ మధ్యన చెట్లతో పార్కే ఉంటుంది. అన్నిటికంటే పెద్దది ఐకాన్ తరగతి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సెప్టెంబర్లో, అందులోనూ పిల్లలతో, వారం రోజుల యాత్ర అయితే ఓయాసిస్ లేదా ఐకాన్ తరగతి తీసుకోండి. పోర్టు పోయినా, వాన పడినా లోపల చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. చిన్న ఓడల అందం నాకు చాలా ఇష్టం. కానీ వాటిలో రెండు రోజులు వరసగా బయటికి రాలేని వాతావరణం ఉంటే, పుస్తకాలు చదివే అలవాటు లేనివాళ్లకు కాలం గడవడం కష్టం. చిన్న ఓడలను జనవరి నుంచి ఏప్రిల్ మధ్యకు దాచుకోండి. అప్పుడు పెద్ద ఓడలు వెళ్లలేని ఊళ్లకు కూడా తీసుకెళ్తాయి. బయలుదేరే పోర్టుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఫ్లోరిడాలోని టాంపా నుంచి బయలుదేరే ఓడలు సన్‌షైన్ స్కైవే వంతెన కింది నుంచే సముద్రంలోకి పోవాలి. ఆ వంతెన ఎత్తు నీటి మట్టం నుంచి దాదాపు 55 మీటర్లే కాబట్టి అక్కడ చిన్న ఓడలే కనిపిస్తాయి.

ఒకే తరగతి అంటే ఒకే సౌకర్యాలు అని కూడా అనుకోకండి. వాయేజర్ తరగతిలో మారినర్‌ను 2018లో, నావిగేటర్‌ను 2019లో భారీగా మార్చారు. అదే తరగతిలోని ఎక్స్‌ప్లోరర్, అడ్వెంచర్‌లకు ఆ స్థాయి మార్పులు అప్పుడు జరగలేదు. కాబట్టి ఓడ కట్టిన ఏడాది ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, చివరిసారి డ్రై డాక్‌కు (ఓడను నీళ్ల నుంచి బయటికి తెచ్చి మరమ్మతు చేసే చోటుకు) ఎప్పుడు వెళ్లింది, అక్కడ ఏం మార్చారు అన్నదీ చూడండి. మీ యాత్ర తేదీకి ముందువెనకల్లో డ్రై డాక్ ఉంటే మాత్రం ఆ తేదీలు వద్దు. పని పూర్తికాక మొదటి యాత్రల్లో కొన్ని చోట్లు మూసి ఉండే అవకాశం ఉంటుంది.

రద్దీ గురించి ఒక చిన్న లెక్క. గ్రాస్ టన్నులను ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే మనిషికి ఎంత చోటు ఉందో ఒక అంచనా వస్తుంది. ఐకాన్‌లో కేబిన్‌కు ఇద్దరి చొప్పున లెక్కేస్తే 5,610 మంది, భాగిస్తే 44 వస్తుంది. మూడో, నాలుగో మంచాలు కూడా నిండితే 7,600 మంది, అప్పుడు 33 కూడా ఉండదు. ఓడ అదే, వారం మారింది అంతే. జూలైలో సెలవులకు వెళ్లినవాళ్లు లిఫ్టుల దగ్గర నిలబడి విసుక్కున్నామని చెబితే, సెప్టెంబర్లో వెళ్లినవాళ్లు అంత జనమే లేరని చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పెద్ద ఓడ ఊగదు అనుకోవద్దు

ఈ మాట నమ్మే నేను మొదటిసారి మోసపోయాను. పెద్ద ఓడ చిన్నదానికంటే తక్కువ ఊగుతుంది, అది నిజమే. అసలు ఊగదు అనుకోవడం తప్పు. 2016 ఫిబ్రవరిలో, హరికేన్ల కాలం కాని రోజుల్లో, న్యూజెర్సీ నుంచి బయలుదేరిన యాంథమ్ ఆఫ్ ది సీస్ అమెరికా తూర్పు తీరంలోని కేప్ హాటెరాస్ దగ్గర తుఫానులో చిక్కుకుంది. 1 లక్షా 68 వేల టన్నుల కొత్త ఓడ అది. హరికేన్ స్థాయి గాలులకు ప్రయాణికులు గంటల తరబడి కేబిన్లలోనే ఉండాల్సి వచ్చింది. ఓడ యాత్ర మానుకుని వెనక్కి తిరిగింది.

ఓడ పక్కలకు ఒరిగిపోకుండా అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. పక్కలకు ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి. ముందూ వెనకా లేచి పడే ఊపు మీద మాత్రం వాటికి పట్టు తక్కువ. పిల్లలు ఆడుకునే ఎక్కుడుదిగుడు బల్లను గుర్తు తెచ్చుకోండి. చివర కూర్చున్నవాడు ఎంత ఎత్తుకు లేస్తాడో, మధ్యలో ఉన్నవాడు అంత కదలకుండా ఉంటాడు. ఓడా అంతే. మధ్య భాగంలో, కింది డెక్కుల్లో (అంతస్తుల్లో) ఉన్న కేబిన్ అన్నిటికంటే నయం. ముందు భాగంలో, పై డెక్కుల్లో ఉన్నది అన్నిటికంటే కష్టం.

మేం తీసుకున్నది సరిగ్గా ఆ కష్టమైన కేబిన్. నంబరు తర్వాత కేటాయిస్తాం, అందుకే తక్కువ ధర అన్నారు. సరే అన్నాం. దొరికింది పై డెక్కులో, ముందు మూలన. రెండో రాత్రి అలలు పెరిగాయి. ముందు అల్మరాలో ఖాళీ హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలి టక్ టక్‌మనడం మొదలైంది. బల్ల మీది గ్లాసులో నీళ్లు ఒక అంచుకు ఎక్కి, ఆగి, రెండో అంచుకు వచ్చేవి. అమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది, పడుకుంటే ఇంకా తిరుగుతోంది అంది. నేను హ్యాంగర్లన్నీ తీసి నేల మీద పెట్టాను. వాటి చప్పుడుకే సగం టెన్షన్ పెరుగుతోంది. బయటికి వచ్చి చూస్తే లిఫ్టు దగ్గరి రెయిలింగ్‌కు వాంతి సంచులు వరసగా తగిలించి ఉన్నాయి. చివరికి కింది డెక్కు మధ్యలో ఉన్న హాల్లో సోఫా మీద కూర్చోబెడితే అమ్మకు నెమ్మదించింది. అదే ఓడ, అదే అల, చోటు మార్చడమే మందు అయింది.

కాబట్టి పెద్దవాళ్లతో వెళ్తుంటే ధర కోసం కేబిన్ నంబరును వదిలేయకండి. డెక్ ప్లాన్ తెరిచి కేబిన్ మీరే ఎంచుకోండి. పైనా కిందా కూడా కేబిన్లే ఉన్న డెక్కు అయితే ప్రశాంతం. పైన ఈత కొలను ఉంటే తెల్లవారకముందే కుర్చీలు లాగే చప్పుడు వినాలి. పక్క గదిలోకి తలుపు ఉన్న కేబిన్లో మాటలు వినిపిస్తాయి. బాల్కనీ ముందు లైఫ్‌బోటు అడ్డం ఉందేమో చూడండి. ఓయాసిస్ తరగతిలో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాకుండా లోపలి పార్కు వైపు ఉంటాయి. బాల్కనీ అన్న మాట ఒక్కటే చూసి బుక్ చేసి తర్వాత బాధపడవద్దు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇంకో సంగతి: మామూలు కేబిన్లలో బాత్రూమ్ గుమ్మం కొద్దిగా ఎత్తుగా ఉంటుంది, అర్ధరాత్రి ఊగే ఓడలో కాలు తగులుతుంది. వికలాంగులకని కట్టిన కేబిన్లలో ఆ గుమ్మం ఉండదు. నిజంగా అవసరమైతే వాటిని ముందే అడగాలి, అవి కొన్నే ఉంటాయి.

గాలి ఉన్న రోజు కేబిన్ తలుపు తెరిచి ఉండగా బాల్కనీ తలుపు తీయకండి. గాలి ఒక్కసారిగా దూసుకొచ్చి బరువైన తలుపును కొట్టేస్తుంది, వేళ్లు పడితే నలిగిపోతాయి. పిల్లలకు ఇది ఎక్కగానే చెప్పాలి.

తల తిరగకుండా వేసుకునే మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ లాంటి మాత్రలు ఊపు మొదలయ్యాక కంటే ముందే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. వాటితో మగత వస్తుంది. గ్లాకోమా, ప్రొస్టేట్ సమస్యలు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

పోర్టుల జాబితాను చదివే పద్ధతి

జెట్టీకి కట్టే పోర్టు వేరు, నడిసముద్రంలో ఆగి చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చే పోర్టు వేరు. రెండోదాన్ని టెండర్ పోర్టు అంటారు. అలలు కాస్త లేచినా టెండర్ పోర్టునే ముందు రద్దు చేస్తారు. గ్రాండ్ కేమన్ అలాంటిదే. జెట్టీ ఉందని కూడా పూర్తిగా ధీమాగా ఉండలేం. ఎత్తైన ఓడ పెద్ద తెరచాపలా గాలిని పడుతుంది. గాలి బలంగా ఉంటే జెట్టీ దగ్గరికి తేవడమే ప్రమాదం, బహామాస్‌లో రాయల్ కరీబియన్ ప్రైవేటు దీవి అయిన 'కోకోకే'ను వదిలేసేది ఎక్కువగా ఇందుకే. దక్షిణాన వెనిజులా తీరం దగ్గరున్న అరూబా, బొనైర్, కురసావ్ దీవులు హరికేన్ల దారికి చాలావరకు బయట ఉంటాయి. ఊళ్లు చూడడమే ముఖ్యం అనుకునేవాళ్లు ఈ కాలంలో ఆ వైపు చూడండి.

దారి మారితే దేశమూ మారుతుంది కదా. అందుకే టికెట్లో రాసిన దేశాలకే కాకుండా, బదులుగా తీసుకెళ్లే అవకాశం ఉన్న దేశాల వీసా నియమాలు కూడా చూసుకోండి. అమెరికా వీసాతో ఎక్కేవాళ్లు తిరిగి దిగేటప్పుడు మళ్లీ ఆ దేశంలోకి ప్రవేశిస్తున్నట్టే లెక్క, కాబట్టి ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో వీసా మీద చదవండి. అమెరికా పౌరులు కొన్ని యాత్రలకు పాస్‌పోర్టు లేకుండా వెళ్లొచ్చు. అయినా పాస్‌పోర్టు పెట్టుకోవడమే మంచిది. మధ్యలో ఏ దీవి నుంచో విమానంలో తిరిగి రావాల్సి వస్తే అది లేకుండా కదల్లేరు.

డబ్బు, బీమా, తిరుగు ప్రయాణం

రాయల్ కరీబియన్‌లో మొత్తం డబ్బు కట్టాల్సిన గడువు యాత్ర పొడవును బట్టి 75 రోజులు లేదా అంతకంటే ముందే వస్తుంది. ఆ తర్వాత మానుకుంటే కోత పడుతుంది. అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ ముందస్తు అంచనా ఏడు రోజులకే. అంటే తుఫాను వస్తుందో లేదో చూసి డబ్బు కడదాం అనుకుంటే కుదరదు. బీమా తీసుకోవాలి, అదీ బుక్ చేసిన వెంటనే. తుఫానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుఫాను నష్టానికి పనికిరాదు. పాలసీలో వైద్య తరలింపు ఖర్చు ఉందో లేదో ప్రత్యేకంగా చూడండి. ఓడలోని ఆసుపత్రి ఉచితం కాదు. అక్కడి నుంచి ఒడ్డుకు తరలించాల్సి వస్తే అయ్యే ఖర్చు చాలా పెద్దది.

బయలుదేరే రోజు ఉదయం విమానంలో చేరుకుందాం అనుకోకండి, ముందు రోజే చేరండి. తిరుగు టికెట్‌కు మార్చుకునే వీలు ఉండాలి. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకు టెక్సాస్‌లోని గాల్వెస్టన్ పోర్టు మూసేస్తే, లిబర్టీ ఆఫ్ ది సీస్ తిరిగి రాలేక సరుకులు నింపుకోవడానికి మయామీ వెళ్లాల్సి వచ్చింది. అందుకే రోజూ వాడే మందులు నాలుగైదు రోజులకు అదనంగా పెట్టుకోండి. వాటిని చేతి సంచిలోనే ఉంచుకోండి, పెద్ద పెట్టెలు కేబిన్‌కు చేరేసరికి సాయంత్రం అవుతుంది.

మిగతావి చిన్నవే. ఇస్త్రీపెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్తే తనిఖీలో తీసేసుకుంటారు. ఓడ కదలగానే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సముద్రం మీది నెట్‌వర్క్ పట్టి బిల్లు వాచిపోతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు శానిటైజర్ సరిగ్గా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. పోర్టులో దిగేటప్పుడు ఓడ టైమ్, ఊరి టైమ్ ఒకటేనా అని అడగండి. బయట సొంతంగా టూర్ మాట్లాడుకున్నవాళ్ల కోసం ఓడ ఆగదు.

ఓడ ఎక్కాక మొదటి గంటలో మస్టర్ డ్రిల్ (ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తు) పూర్తిచేయండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ప్రమాదంలో 32 మంది చనిపోయారు. కొత్తగా ఎక్కినవాళ్లకు అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరగాలన్న అంతర్జాతీయ నియమం 2015 నుంచి అమల్లో ఉంది. ఏడు పొట్టి కూతలు, ఆపైన ఒక పొడవాటి కూత వినిపిస్తే మీ మస్టర్ స్టేషన్‌కు వెళ్లాలి. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్లో వీడియో చూసి, స్టేషన్‌కు వెళ్లి కార్డు స్కాన్ చేయించుకుంటే సరిపోతుంది, పది నిమిషాల పని. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు లిఫ్టులు వాడకూడదు కాబట్టి, రెండోసారి వెళ్లినప్పుడు నేనూ అమ్మా కేబిన్ నుంచి స్టేషన్ దాకా మెట్ల మీదే నెమ్మదిగా దిగి చూశాం. మధ్యలో అమ్మ రెండుసార్లు ఆగింది. ఎక్కడ ఆగాలో, ఏ వైపు రెయిలింగ్ పట్టుకుంటే తనకు సులువో అప్పుడే తెలిసింది.